డ్రోన్ రిమోట్‌ను కొత్తవారి చేతికిచ్చే ముందు

2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ శివారున కార్చిచ్చు చెలరేగినప్పుడు, మంటలను చూద్దామని ఒకరు సరదాకు ఎగరేసిన చిన్న డ్రోన్ నీళ్లు చల్లుతున్న విమానానికి తగిలి రెక్కకు చిల్లు పెట్టింది. విమానాన్ని మరమ్మతు కోసం పనిలోంచి తప్పించవలసి వచ్చింది. డ్రోన్ రెండు కిలోమీటర్లకు పైగా వెళ్లి కంటికి కనబడకుండా పోయాక జరిగిన ప్రమాదమిది. కాబట్టి కొత్తవారికి నేర్పేవారు మొట్టమొదట దూరాన్ని అదుపు చేయాలి. రిమోట్ చేతికిచ్చే ముందే యాప్ సెట్టింగుల్లో గరిష్ఠ దూరాన్ని వంద మీటర్లకు, గరిష్ఠ ఎత్తును ముప్పై మీటర్లకు కుదించి, తెర చూడకుండా డ్రోన్‌నే చూస్తూ తిరిగి రప్పించడం వచ్చేదాకా ఆ హద్దులను సడలించకూడదు. సిగ్నల్ తెగినప్పుడు డ్రోన్ తనంతట తాను వెనక్కి వచ్చే ఎత్తును చుట్టుపక్కల చెట్లు, సెల్ టవర్ల కంటే ఎక్కువగా, నిబంధనల హద్దు దాటకుండా పెట్టాలి. గాలి వాలున హాయిగా వెళ్లిన డ్రోన్ ఎదురుగాలికి తిరిగి రావడానికి బ్యాటరీని ఎక్కువగా తాగుతుంది గనుక, మొదట గాలికి ఎదురుగానే పంపడం మేలు.

మన దేశంలో 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు మించని నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. దీన్ని చాలామంది ఎక్కడైనా ఎగరేయవచ్చన్న అనుమతిగా భావిస్తారు, అది పొరపాటు. ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతమైన గ్రీన్ జోన్‌లో సాధారణంగా 400 అడుగులు, విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటకూడదు. హైదరాబాద్‌లో శంషాబాద్ ఒక్కటే లెక్క కాదు. బేగంపేట, హకీంపేట, దుండిగల్‌లలోనూ విమాన స్థావరాలున్నాయి. అందువల్ల బయలుదేరే ముందే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటైన డిజిటల్ స్కై పటంలో ఆ చోటును చూడాలి.

జాతరలో, పెళ్లి ఊరేగింపులో జనం నెత్తిమీద ఎగరేయమని అడిగేవారు తప్పక ఉంటారు, అదీ ఎక్కువగా మన బంధువులే. పక్కనున్న ఖాళీ స్థలం నుంచి ఏటవాలుగా తీసిన దృశ్యమే నిజానికి అందంగా వస్తుందని చూపిస్తే వారు ఒప్పుకుంటారు. సంక్రాంతి రోజుల్లో మాంజా తగులుకునే వీలున్నందున పతంగులున్న చోటుకు డ్రోన్ తీసుకుపోకపోవడమే మంచిది.

ఎవరైనా నిర్లక్ష్యంగా ఎగరేస్తుంటే రాయి విసరడం గానీ, రిమోట్ లాక్కోవడం గానీ చేయకూడదు. అదుపు తప్పిన డ్రోన్ జనం మీదే పడుతుంది. దిగేవరకు ఆగి మాట్లాడాలి. విమానాల దారిలో ఎగురుతుంటే మాత్రం ఆగకుండా 112కు ఫోన్ చేసి స్థలం, దిశ చెప్పాలి.