మ్యూజిక్ సర్వర్ కొనే ముందు జాగ్రత్తలు

పండుగ తగ్గింపుల్లో హై-ఎండ్ స్టీరియోకు ప్రత్యేక మ్యూజిక్ సర్వర్ (పాటల ఫైళ్లను దాచి స్టీరియోకు అందించే పెట్టె) కొనదలచినవారు డబ్బు కట్టేముందు వీటిని సరిచూసుకోవాలి.

• సర్వర్ కేవలం తయారీదారు సొంత యాప్‌తోనే నడిచేదైతే, ఆ కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన నాడు లక్షలు పోసి కొన్న పెట్టె మూలన పడుతుంది. కాబట్టి రూన్ (వేర్వేరు కంపెనీల పరికరాలపై నడిచే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్) గానీ యూపీఎన్‌పీ (ఏ కంపెనీ పరికరాలైనా నెట్‌వర్క్‌లో కలిసి పనిచేసే ఉమ్మడి పద్ధతి) గానీ దానిపై పనిచేస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి. రూన్‌కు చందా వేరు.

• రిప్ చేసిన (ఫైళ్లుగా మార్చి సర్వర్‌లోకి ఎక్కించిన) సీడీలకు విడి డిస్కులో నకలు ఉండాలి. లోపల రెండు డిస్కులు అద్దంలా ఒకే సమాచారాన్ని దాచుకున్నా, పొరపాటున తొలగించిన ఫైలు రెండింటిలోనూ పోతుంది.

• గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్‌ను దుకాణంలోనే విని చూడాలి. కచేరీ సీడీలో రాగాలాపన ఒక ట్రాకుగా, తానం మరో ట్రాకుగా ఉన్నప్పుడు, నడుమ అర సెకను నిశ్శబ్దం వచ్చినా తంబురా శ్రుతి తెగుతుంది. సర్వర్‌ను పక్కన పెట్టడానికి, నా దృష్టిలో, ఈ ఒక్క లోపం చాలు.

• 192 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటు (ధ్వనిని సెకనుకు 1,92,000 సార్లు కొలిచి నమోదు చేసిన) ఫైళ్లున్నవారు యూఎస్‌బీ అవుట్‌పుట్ ఉన్నదే తీసుకోవాలి. చాలా పరికరాల్లో ఆప్టికల్ అవుట్‌పుట్ 96 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది.

• వినే గదిలోనే పెట్టేటట్లయితే ఫ్యాన్ లేని, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చప్పుడు చేయని డిస్కు) ఉన్న సర్వర్ మేలు. ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గకుండా ఆడియోను కుదించే ఫైలు రకంలో) సీడీ సుమారు 300-400 ఎంబీ కనుక, 1 టీబీలో రెండు వేలకు పైగా పడతాయి.

• యూపీఎస్ కూడా ఉండాలి. హఠాత్తుగా కరెంటు పోతే లైబ్రరీ డేటాబేస్ చెడిపోవచ్చు.