చంటిబిడ్డ తలకు దెబ్బ తగిలిందా? ఏది కనిపిస్తే ఏం చేయాలి

నడక నేర్చే పిలకాయలకు తల బరువెక్కువ, కాళ్ళకు పట్టు తక్కువ. పడితే ముందు తగిలేది తలే. పైగా ఇప్పుడు ఒంగోలు, నెల్లూరు వైపు ఏ ఇంట్లో చూసినా గ్రానైట్ గచ్చు, చీమకుర్తి నల్లరాయి మెట్లు. పడిన చప్పుడుకే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. చాలాసార్లు ఒక బొప్పితో పోతుంది. ఎప్పుడు పోదో తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి

బిడ్డ స్పృహ తప్పి లేవకపోవడం, ఫిట్స్ రావడం, ఊపిరి సరిగా ఆడకపోవడం, చెవిలోంచి రక్తం రావడం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్ళలాంటి ద్రవం కారడం, ఒక చెయ్యో కాలో కదపలేకపోవడం, రెండు కంటిపాపల్లో ఒకటి పెద్దదిగా కనిపించడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పక్కింటివాళ్ళ సలహాలు అడుగుతూ కూర్చోవద్దు.

బండి వచ్చేలోగా బిడ్డను మెడ మెలిపడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాంతి అయినా గొంతుకు అడ్డం పడదు. నోట్లో చక్కెర, నీళ్ళు, స్పూను ఏవీ పెట్టకూడదు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఎన్ని నిమిషాలు వచ్చాయో ఫోన్లో టైమ్ చూసుకోండి, డాక్టర్ అడిగేది అదే.

నుదుట నిమ్మకాయంత బొప్పి

నుదుటి మీద చర్మం పలచన, దాని కిందే ఎముక. లోపల చిట్లిన సన్నని రక్తనాళాల నుంచి వచ్చిన రక్తానికి పైకి ఉబకడం తప్ప దారి లేదు. అందుకే నిమిషాల్లో అంత అవుతుంది. బొప్పి పెద్దదైనంత మాత్రాన లోపల దెబ్బ పెద్దదని కాదు. బిడ్డ వెంటనే ఏడ్చి, కాసేపటికి ఊరుకుని, మామూలుగా ఆడుకుంటుంటే సగం ధైర్యం వచ్చినట్టే.

ఐసు ముక్కలు పలచటి గుడ్డలో చుట్టి 10, 15 నిమిషాలు అద్దండి. వాడు ఒప్పుకోడు, తెలుసు. వాళ్ళమ్మ ఒళ్ళో పాలు తాగుతున్నప్పుడు పెడితే కొంత నయం. జేజిలు చేసే పని ఒకటుంది, అరచేత్తో బొప్పిని గట్టిగా రుద్ది అణచడం. అణిగేది లేదు, చిట్లిన నాళాలు ఇంకా చిట్లుతాయి. నూనె మర్దన, ఉప్పు కాపడం కూడా ఆ రోజుకు వద్దు. దిష్టి తీస్తామంటే తీసుకోనివ్వండి, అడ్డుచెప్పి ఇంట్లో ఇంకో గొడవ ఎందుకు.

నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది, కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల లెక్కన. 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు. ఇక్కడే తేడా వస్తుంది: మందుల షాపులో 5 మిల్లీలీటర్లకు 120 ఉండే సిరప్ ఉంది, 250 ఉండేదీ ఉంది. మొదటిదైతే 6 మిల్లీలీటర్లు, రెండోదైతే 3. మళ్ళీ వేయాలంటే ఆరు గంటలు ఆగాలి. సీసా మీద అంకె చదవకుండా "పోయినసారి ఇంతే పోశాం" అని పోయొద్దు. ఐబూప్రొఫెన్ కలిసిన సిరప్‌లు, ఆస్పిరిన్ ఇవ్వకండి.

మర్నాటికి ఆ రక్తం కిందికి దిగి కన్ను చుట్టూ నల్లబడితే కంగారు అక్కర్లేదు. నుదుట దెబ్బే లేకుండా రెండు కళ్ళ చుట్టూ నల్లబడినా, చెవి వెనక నల్లగా కమిలినా అది వేరే సంగతి. పుర్రె అడుగున పగులు ఉండొచ్చు, ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

గట్టిగా లేదు, మెత్తగా ఉబ్బింది

నుదుటి బొప్పి తాకితే గట్టిగా ఉంటుంది. తల పక్కన, చెవి పైభాగంలో గానీ వెనక గానీ వేలితో నొక్కితే లోపల నీళ్ళున్నట్టు మెత్తగా తగిలే వాపు ఉంటే ఎముక విరిగిందేమోనని అనుమానించాలి. రెండేళ్ళలోపు వాళ్ళలో ఇది మరీ ముఖ్యం. బిడ్డ నవ్వుతూ ఉన్నా చూపించండి. మాడు ఇంకా పూడని బిడ్డయితే, ఏడుపు ఆపి నిటారుగా కూర్చున్నప్పుడు కూడా అది ఉబ్బి ఉందేమో చూడాలి.

ఏడ్చి ఏడ్చి గుక్కపట్టి నీలంగా అయిపోయాడు

దెబ్బకు ఏడుపు లంకించుకుని, ఊపిరి బిగబట్టి, పెదాలు నీలంగా మారి, చేతుల్లో వాలిపోతాడు. నిమిషంలోపే తేరుకుంటాడు. కొందరైతే ఎక్కువ ఏడవకుండానే తెల్లగా పాలిపోయి తూలిపోతారు. ఏడాది, రెండేళ్ళ వయసులో ఇది ఎక్కువ. మెదడు దెబ్బకంటే దీన్ని చూసే ఎక్కువమంది బెదిరిపోతారు. పడుకోబెట్టి పక్కకు తిప్పండి, అంతే. కుదపడం, తలకిందులుగా పట్టుకోవడం, మొహాన నీళ్ళు కొట్టడం వద్దు.

అయితే తలకు దెబ్బ తగిలాక స్పృహ తప్పింది కాబట్టి, అది గుక్కపట్టడమో కాదో తేల్చే పని డాక్టర్‌కే వదలండి. ఇది తరచుగా జరిగే బిడ్డకు రక్తహీనత ఉందేమో కూడా పరీక్ష చేయించాలి. ఐరన్ తక్కువున్న పిల్లల్లో ఇది ఎక్కువ.

వాంతి అయింది

ఏడుపు ఎక్కువై కడుపులోది ఒకసారి కక్కితే గమనిస్తూ ఉండొచ్చు. రెండోసారి అయితే బయల్దేరండి. అందుకే పడిన తర్వాత రెండు గంటలదాకా అన్నం పెట్టొద్దు, చనుబాలు, మంచినీళ్ళు చాలు. పెరుగన్నం తినిపించి, కక్కాక అది దెబ్బ వల్లో అన్నం వల్లో తెలియక తల పట్టుకునేవాళ్ళు ఎందరో.

నిద్రపోతున్నాడు, పడుకోనివ్వొచ్చా?

అందరూ అడిగేది ఇదే. నిద్రపోతే ప్రమాదమని రాత్రంతా బిడ్డను చరుస్తూ మేలుకొలిపి ఉంచేవాళ్ళున్నారు. నిద్ర హాని చేయదు. చిక్కల్లా దెబ్బ వల్ల కమ్మే మత్తు, నిద్ర ముసుగులో మనకు కనిపించకుండా పోవడమే. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు పడుకునే బిడ్డ ఆ టైముకే పడుకుంటే పడుకోనివ్వండి. పదిన్నరకు పడి పదకొండుకే తూగుతుంటే, పడుకునే వేళ కాదు కాబట్టి అనుమానించండి.

మొదటి రాత్రి రెండు మూడుసార్లు లేపి చూడండి. విసుక్కుని, మూలిగి, పక్కకు తిరిగి, చన్ను వెతుక్కుంటే బాగున్నట్టు. కళ్ళు తెరిచినా మిమ్మల్ని గుర్తుపట్టనట్టు చూస్తుంటే, చేతిలో గుడ్డలా వాలిపోతుంటే, ఎత్తుకున్నా ఆగని కీచు ఏడుపు ఏడుస్తుంటే ఆలస్యం చేయకండి. పుర్రె లోపల రక్తస్రావం ఒక్కోసారి నెమ్మదిగా పెరుగుతుంది. పొద్దున బాగా ఆడుకున్న బిడ్డ సాయంత్రానికి మత్తులోకి జారొచ్చు. అందుకే రెండు రోజులపాటు ఓ కన్నేసి ఉంచాలి.

రక్తం ఆగట్లేదు

తల మీద చిన్న గాటుకు కూడా చొక్కా తడిసేంత రక్తం వస్తుంది. శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు నొక్కిపట్టండి, మధ్యలో ఎత్తి చూడకండి. కాఫీపొడి, పసుపు, సున్నం పెట్టొద్దు. పెడితే కుట్లు వేసేవాళ్ళు ముందు దాన్ని కడగడానికే తంటాలు పడాలి. ఎముక లోపలికి నొక్కుకుపోయినట్టు అనిపిస్తే మాత్రం దాని మీద ఒత్తకండి. గాయం నోరు తెరుచుకుంటే కుట్లు కావాలి, టీకాల కార్డు వెంట తీసుకెళ్ళండి.

దూరం కూడా లెక్కే

నెల్లూరు దర్గామిట్టలో ఉండేవాళ్ళకు పెద్దాసుపత్రి పక్కనే. ఉదయగిరి నుంచి నెల్లూరు, కనిగిరి నుంచి ఒంగోలు రావాలంటే గంటల ప్రయాణం. పల్లెలో ఉన్నవాళ్ళు "ఇంకాసేపు చూద్దాం" అనే మాటను చీకటి పడేదాకా సాగదీయకూడదు. అనుమానం ఉంటే వెలుతురుండగానే బయల్దేరడం మేలు. బండి మీద ముందు కూర్చోబెట్టుకుని మాత్రం వద్దు.

ఏడాదిలోపు బిడ్డయినా, మూడడుగులకు మించిన ఎత్తు నుంచి పడినా, ఏ లక్షణం లేకున్నా ఒకసారి చూపించాలి. స్కాన్ తీయకుండా నాలుగైదు గంటలు అక్కడే ఉంచి చూస్తామంటే నిర్లక్ష్యం చేస్తున్నారని గొడవపడకండి. సీటీ స్కాన్‌లో రేడియేషన్ ఉంటుంది, అవసరం లేని చిన్నపిల్లలకు తప్పించడమే సరైన వైద్యం.

మళ్ళీ పడకుండా

మంచం మీంచి పడితే సాధారణంగా బొప్పితో పోతుంది. గోడ లేని మిద్దె, పిట్టగోడ లేని మెట్లు అలా కాదు. చక్రాల వాకర్ నడక నేర్పదు, మెట్ల దగ్గరికి వేగంగా చేరుస్తుంది. కెనడా 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది. ఇంకొకటి, ఫ్యాను. మేనమామ ముద్దుకొద్దీ బిడ్డను పైకి ఎగరేస్తే తిరిగే రెక్క తలకు తగిలి పుర్రె లోపలికి నొక్కుకుపోయిన సందర్భాలున్నాయి. ఫ్యాను తగిలితే గాయం గీతంత ఉన్నా నేరుగా ఆస్పత్రికే.