కోపం వచ్చిన చోటే వెతకండి

భాగస్వామిలో మనం ఏమాత్రం సహించలేని గుణం చాలాసార్లు మనం చిన్నప్పుడే మనలో అణిచేసుకున్న గుణమై ఉంటుంది. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ (1875–1961) మనం ఒప్పుకోని ఈ భాగాన్ని ‘నీడ’ అన్నారు.

“మా అమ్మాయి ఏదీ అడగదు, బంగారం” అన్న మెప్పు వింటూ ఒకామె పెరిగిందనుకుందాం. పెళ్లయ్యాక భర్త సోఫాలో వాలి “కాస్త తల నొక్కవా” అనగానే ఆమెకు ఒళ్లు మండుతుంది. తల నొక్కడం ఆమెకు కష్టమేమీ కాదు. తాను ఏనాడూ నోరు తెరిచి అడగలేనిదాన్ని అతను అంత సులువుగా అడిగేయడమే గుచ్చుకుంటుంది. తనకు జ్వరం వచ్చిన రోజున మాత్రం “ఏం లేదులే” అని గోడవైపు తిరిగి పడుకుని, అతను కనిపెట్టలేదని వారం రోజులు ముభావంగా ఉంటుంది.

ఇలాంటిది మీలో ఉందేమో చూడాలంటే, ఈ వారంలో, జరిగినదానికి మించి కోపం వచ్చిన ఒక్క సందర్భాన్ని నోటుపుస్తకంలో రాయండి. ఎడమ పేజీలో కంటికి కనిపించినది, చెవికి వినిపించినది మాత్రమే ఉండాలి. ‘సోమరి’, ‘స్వార్థపరుడు’ వంటి మీ తీర్పులు కుడి పేజీకి వెళ్లాలి. ఆ తీర్పు కింద, మీ పుట్టింట్లో ఆ మాటను ఎవరు ఎవరిని అనేవారో రాయండి. నా దృష్టిలో ఈ ప్రశ్నే అన్నిటికన్నా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ తరచుగా అమ్మ గొంతో నాన్న గొంతో వినిపిస్తుంది.

ఒంటరిగా రాసుకుంటే సరిపోదు. 1955లో అమెరికా మనస్తత్వవేత్తలు జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ రూపొందించిన ‘జోహారి కిటికీ’ అనే నాలుగు గడుల పటంలో, మన గురించి ఎదుటివారికి తెలిసి మనకు తెలియని సంగతులకు ఒక గడి ఉంది. (ఈ జోహారికి మన జోహారుతో సంబంధం లేదు; అది వారిద్దరి పేర్ల ముక్కలతో ఏర్పడింది.) కాబట్టి గొడవ లేని రోజు, నడకకు వెళ్లినప్పుడో కూరగాయలు తరుగుతున్నప్పుడో, “ఏ మాట అంటే నేను ముడుచుకుపోతాను?” అని అడగండి. జవాబు నచ్చకపోయినా వాదించకుండా రాసుకోండి.

కొట్టడం, అవమానించడం, డబ్బు చేతికి రాకుండా చేయడం వంటివాటికి ఈ పద్ధతి వర్తించదు; అక్కడ మీ నీడను వెతుక్కోకుండా సాయం కోరాలి.

తరువాత, దాచుకున్నదాన్ని చిన్న మోతాదులో బయటపెట్టండి. పై ఉదాహరణలోని ఆమె అయితే “నాకు ఒంట్లో బాగాలేదు, ఈ పూట వంట నువ్వు చూడు” అనే ఒక్క వాక్యంతో మొదలుపెట్టవచ్చు. మొదటిసారి గొంతు పెగలదు, అతను పప్పులో ఉప్పు మరిచిపోవచ్చు కూడా. అయినా లేచి వెళ్లి సరిచేయకుండా పడుకోవాలి.