పాత బండికి ఇంజిన్ మారుస్తున్నారా? ముందు సీ-బుక్కు బయటికి తియ్యండి

ఇంజిన్ మార్చడం మెకానిక్‌కి రెండు మూడు రోజుల పని. ఆ మార్పు సీ-బుక్కులోకి, అదే ఆర్సీలోకి, ఎక్కకపోతే మాత్రం, బండి అమ్మబోయినప్పుడో, పదిహేనేళ్లు నిండి రెన్యువల్‌కి వెళ్లినప్పుడో మెడకు చుట్టుకుంటుంది. చాలామంది పాత ఇంజిన్ దించేశాకే ఆర్టీఏ సంగతి అడుగుతారు. నిజానికి స్పానర్ పట్టేముందే కాగితాల పని మొదలవ్వాలి.

అన్నిటికన్నా ముందు, అసలు మార్చాల్సిన అవసరం ఉందో లేదో తేల్చుకోండి. చాలా బళ్లకి ఇంజిన్ నంబరు ఉండేది బ్లాక్ మీద, అంటే సిలిండర్లుండే దిమ్మ మీద. బోరింగ్ చేయించి పిస్టన్లు, రింగులు వేయించినా, హెడ్ మార్చినా ఆ నంబరు చెక్కుచెదరదు. అలాంటి రిపేరుకి ఆర్టీఏ గడప తొక్కక్కర్లేదు. బ్లాకే పగిలిందంటేనే ఈ తతంగమంతా.

ఇక ఏ ఇంజిన్ పెట్టాలన్నది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. కాబట్టి అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ అయితేనే అనుమతి అడగండి. పెట్రోలు అంబాసిడర్ కారులో మెటడార్ వ్యాన్ డీజిల్ ఇంజిన్ కూర్చోబెట్టడం ఒకప్పుడు మామూలే. ఇప్పుడు అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. సీఎన్‌జీ, ఎల్పీజీ కిట్ల దారి వేరు. వాటికి ఆమోదం పొందిన కిట్ ఉండాలి.

విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, ఇంకెక్కడ కొన్నా, పాత ఇంజిన్‌కి నంబరు రాసిన బిల్లు లేకుండా డబ్బు ఇవ్వకండి. ఆ ఇంజిన్ ఏ బండిదో దాని ఆర్సీ జిరాక్స్ కూడా అడగండి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో జిడ్డు తుడిచి, నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. అంకెలు వంకరగా పడినా, చుట్టూ గ్రైండింగ్ గీతలు కనపడినా అక్కడే వదిలేసి రండి. దొంగ బండిది కాదని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) ఆన్‌లైన్ సేవలో ఓసారి చూసుకోవచ్చు. పాత నంబరే కొత్త బ్లాక్ మీద కొట్టిస్తానని ఎవరైనా సలహా ఇస్తే, దండం పెట్టి వచ్చేయండి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉండదు.

బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం తీసుకోండి. ఆర్సీ, ఇన్సూరెన్స్, బిల్లు దగ్గర పెట్టుకుని రవాణా శాఖకు ఆల్టరేషన్ (బండిలో మార్పు) కోసం దరఖాస్తు చేయండి. అనుమతి వచ్చాక ఇంజిన్ ఎక్కించి, 14 రోజుల్లోగా తెలియజేసి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించండి. ఆర్సీలో కొత్త నంబరు పడగానే ఇన్సూరెన్స్ పాలసీలోనూ మార్పించండి. క్లెయిమ్ రోజున నంబర్లు కలవకపోతే వచ్చే టెన్షన్ ఇంతా అంతా కాదు.

పొల్యూషన్ టెస్టుకి చల్లటి ఇంజిన్‌తో వెళ్లొద్దు. ఓ పావుగంట నడిపి, వేడెక్కాక పెట్టించండి. సైలెన్సర్‌లో చిల్లులుంటే ముందే పూడ్పించండి. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణాల దశ. పెట్రోలు కార్లకు పొగలో కార్బన్ మోనాక్సైడ్ హద్దు బీఎస్-2 కన్నా ముందువాటికి 3 శాతం, బీఎస్-2, బీఎస్-3 వాటికి 0.5, బీఎస్-4కి 0.3. హైదరాబాద్‌లో బీఎస్-4 2010లోనే వచ్చింది, దేశమంతటా 2017లో. కాబట్టి ఏడాదిని బట్టి ఊహించకుండా ఆర్సీలో చూసుకోండి. బీఎస్-4, బీఎస్-6 బళ్లకు సర్టిఫికెట్ ఏడాది పనిచేస్తుంది, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలే. ఆర్సీలో పెట్రోలు అని ఉండి బానెట్ కింద డీజిల్ ఉంటే టెస్టు దగ్గరే దొరికిపోతారు. రెండిటికీ మిషన్లు వేరు మరి.

యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించాలని ఆశ ఉంటే ఇంజిన్ జోలికి వెళ్లకండి. 2021 నిబంధనల ప్రకారం ఇంజిన్, ఛాసిస్ లాంటివి మార్చిన బండికి ఆ హోదా రాదు.

పాత బ్లాక్‌ని వెంటనే తుక్కుకి వేసేయకండి. ఆర్సీలో కొత్త నంబరు పడేదాకా షెడ్డులో ఓ మూల ఉంచండి. పాతది ఏమైందని ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించడానికి ఉంటుంది.