కొబ్బరి డొక్కలతో గదిలో మోత తగ్గించే ప్యానెల్: ఎలా చేయాలి?

టైల్స్ నేల, నున్నటి గోడలు, కాస్త సామాను. అలాంటి గదిలోంచి ఫోన్ చేస్తే అవతలివాళ్లకు బావిలోంచి మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఆ మోత తగ్గడానికి ఫోమ్ కొననక్కర్లేదు. కొబ్బరిబోండాల బండి పక్కన గుట్టపడే డొక్కల్లోని పీచు చాలు.

అయితే ఈ ప్యానెల్ గదిలో పుట్టిన శబ్దాన్ని పీల్చుకుంటుంది, అంతే. పక్కింటి టీవీని, రోడ్డు మీది హారన్లను ఆపదు. వాటికి బరువైన గోడ, సందుల్లేని తలుపు కావాలి. గుడ్ల ట్రేలు అంటించమని కొందరు సలహా ఇస్తారు, వినకండి. ఆ అట్ట మరీ పలచన, మనిషి గొంతుకు చాలదు. పైగా తొందరగా అంటుకుంటుంది.

పీచు తీయడం

ఎండు కొబ్బరికాయల డొక్కలైతే పీచు ఎక్కువ వస్తుంది. బోండాలవైతే తక్కువే, కానీ మెత్తగా ఉంటుంది. ముక్కలుగా చీల్చి మూడు నాలుగు రోజులు నానబెట్టండి, రోజూ నీళ్లు మార్చండి. ఎర్రటి నీరు పోకపోతే తర్వాత గుడ్డకు మరకలు పడతాయి. నానాక రోకలితో దంచి, పీచు లాగి, పొట్టు దులిపేయండి. పొట్టు కుండీల్లో మొక్కలకు పనికొస్తుంది.

లీటరు వేడినీళ్లలో 100 గ్రాముల వెలిగారం (బొరాక్స్), 45 గ్రాముల బోరిక్ పౌడర్ కరిగించి పీచును అందులో ముంచి తీయండి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, వంటగిన్నెలు వాడకండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. దీనివల్ల పురుగు పట్టదు, మంట త్వరగా పాకదు. అసలు అంటుకోదని మాత్రం అనుకోవద్దు. పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర ఈ ప్యానెల్ పెట్టకండి. పీచు గలగలలాడేదాకా ఎండాలి. తడి మిగిలితే బూజు ఖాయం.

ఫ్రేమ్ నింపడం

60 సెంటీమీటర్ల చదరం, 5 సెంటీమీటర్ల లోతున్న చెక్క ఫ్రేమ్ చేయించి, వెనక దోమతెర బిగించండి. పీచును వేళ్లతో బాగా విడదీసి సుమారు ఒకటిన్నర కిలో నింపండి. అంటే ఎండు డొక్కలు ఇరవై దాకా కావాలి. చేత్తో నొక్కితే అణగాలి, వదిలితే లేవాలి.

జిగురు పోసి పలకలా గట్టిపరచడం, పైన పెయింట్ వేయడం నాకు అస్సలు నచ్చవు. శబ్దంతో కదిలే గాలి పీచు సందుల్లో దూరి, రాసుకుని, రవ్వంత వేడిగా మారిపోతుంది. ఆ సందులు మూసేస్తే ఇంత శ్రమా దండగే. ముందు కప్పే గుడ్డకూ ఇదే పరీక్ష: నోటికి ఆనించి ఊదితే గాలి సులువుగా అవతలికి పోవాలి. పాత నూలు చీర బాగుంటుంది, రెగ్జిన్ పనికిరాదు.

తగిలించడం

గోడకు ఆనించకుండా వెనక చెక్కముక్కలు పెట్టి 5 సెంటీమీటర్ల ఖాళీ వదలండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 850 హెర్ట్జ్ ధ్వనికి, అంటే సెకనుకు 850 సార్లు కంపించేదానికి, అల పొడవు 40 సెంటీమీటర్లు, అందులో పావు 10. గోడ నుంచి ఆ పావు దూరంలోనే గాలి ఎక్కువగా కదులుతుంది, పీచు అక్కడిదాకా ఉంటే బాగా పీల్చుకుంటుంది. పీచు 5, ఖాళీ 5 కలిస్తే ఆ పది వచ్చేస్తుంది. ఖర్చు లేకుండా ప్యానెల్ పీల్చుకునే శక్తి పెరిగినట్టే. అంతకన్నా తక్కువ హెర్ట్జ్ ఉండే లోతైన ధ్వనుల మీద ఆ శక్తి క్రమంగా తగ్గుతుంది, డీజే దరువుకైతే ఇది చాలదు.

ఎక్కడ పెట్టాలంటే, స్పీకర్‌లో పాటలు వినే గదైతే మీరు కూర్చునే చోటే కూర్చుని, పక్క గోడ మీద అద్దం జరపమనండి. అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ ఒకటి. ఫోన్ మాటలకైతే మీ ముఖానికి ఎదురుగా ఉన్న గోడతో మొదలుపెట్టండి. ఒక్కటితో తేడా పెద్దగా తెలియదు. పది బై పన్నెండు గదికి ఆరు పెట్టి చప్పట్లు కొట్టి చూడండి. వానాకాలం పోయాక ఓసారి దించి, దుమ్ము దులిపి ఎండలో పెట్టండి.