ఇంట్లో రక్త క్యాన్సర్ ఉన్నప్పుడు కుటుంబ ఆరోగ్య చరిత్రను రాసిపెట్టుకునే పద్ధతి

తండ్రికో, అక్కకో రక్త క్యాన్సర్ అని తేలిన ఇంట్లో, చికిత్స గురించిన ఆందోళన వెనుకనే మరో భయం మొదలవుతుంది: ఇది మాకూ వస్తుందా, పిల్లలకు వస్తుందా అని. చాలా ఇళ్లలో ఈ ప్రశ్నను పైకి అడగరు. పెళ్లి కావలసిన పిల్లలు ఉంటే జబ్బు పేరు కూడా బయటికి పొక్కనివ్వరు. రక్త క్యాన్సర్లలో అత్యధిక భాగం ఆ ఒక్క మనిషి రక్తకణాల్లో, పుట్టిన తరువాత ఎప్పుడో జరిగిన జన్యు మార్పుల వల్ల వచ్చేవే గనుక అవి పిల్లలకు సంక్రమించవు. వంశపారంపర్యంగా వచ్చేవి కొద్దిపాటివే అయినా, వాటిని గుర్తించడానికి డాక్టరుకు మొదట కావలసింది కుటుంబం నిజాయితీగా రాసి ఇచ్చే వివరాలు.

ముందుగా జబ్బు అసలు పేరు తెలుసుకోండి. డిశ్చార్జి సమ్మరీ, ఎముక మజ్జ పరీక్ష రిపోర్టు, బయాప్సీ రిపోర్టు వెతికి, వాటిలో ఉన్న పేరును ఉన్నది ఉన్నట్టుగా రాసుకోండి. "బ్లడ్ క్యాన్సర్" అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు; లుకేమియా, లింఫోమా, మైలోమా అన్నీ ఆ మాట కిందికే వస్తాయి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియానే తీసుకుంటే, 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు చోటు మార్చుకోవడం వల్ల అది వస్తుంది. ఆ మార్పు రోగి రక్తకణాల్లోనే ఉంటుంది కాబట్టి బిడ్డలకు అందదు. దాదాపు అదే పేరులా వినిపించే క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా మాత్రం కుటుంబాల్లో బాగా కనిపించే రకం: అది వచ్చిన వారి తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు ముప్పు సాధారణం కంటే అనేక రెట్లు ఎక్కువని స్వీడన్ వంటి దేశాల రికార్డులు చూపించాయి. హాడ్జ్‌కిన్ లింఫోమా విషయంలో ఆ పెరుగుదల సుమారు మూడు రెట్లు, మల్టిపుల్ మైలోమా విషయంలో సుమారు రెండు రెట్లు.

ఈ రెట్ల లెక్క విని బెంబేలు పడకండి. అమెరికాలో ఒక మనిషికి జీవితకాలంలో మైలోమా వచ్చే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. అది రెట్టింపయినా నూటికి తొంభై ఎనిమిది మందికి పైగా ఆ జబ్బు రాదు. భారతదేశంలో మైలోమా అంతకంటే అరుదు.

తరువాత వంశవృక్షం గీయండి. తల్లి వైపు, తండ్రి వైపు మూడు తరాలు ఉండాలి: తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ, మేనమామలు, మేనత్తలు, పెదనాన్నలు, పిన్నమ్మలు, వారి పిల్లలు. ప్రతి ఒక్కరి పేరు పక్కన జబ్బు పేరు, అది తేలిన వయసు రాయండి. మరణించిన వయసు ఒక్కటే రాస్తే చాలదు. ఎవరి సంగతి తెలియకపోతే ఆ చోటు ఖాళీగా వదలండి గానీ ఊహించి నింపవద్దు. మేనరికాలను, అక్క కూతురిని చేసుకున్న పెళ్లిళ్లను తప్పకుండా జంట గీతతో చూపించండి, ఎందుకంటే మన ప్రాంతంలో అవి సాధారణమే అయినా జన్యుశాస్త్రం దృష్టిలో చాలా ముఖ్యమైన సమాచారం. ఫాంకోని ఎనీమియా అనే అరుదైన జబ్బు ఎక్కువగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు అందినప్పుడే వస్తుంది. ఒకే తాత సంతానమైన దంపతుల్లో ఆ రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది. దంపతులిద్దరిలోనూ ఆ జన్యువు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పొట్టిగా ఎదగడం, చేతి బొటనవేలు సరిగా లేకపోవడం, ఒంటిమీద గోధుమరంగు మచ్చలు దాని గుర్తులు. తరువాత మజ్జ పనిచేయడం తగ్గుతుంది, లుకేమియా ముప్పు పెరుగుతుంది.

క్యాన్సర్ అనిపించని సంగతులనే అన్నిటికంటే శ్రద్ధగా రాయాలని నా అభిప్రాయం. పెద్దవాళ్లు జబ్బు పేరు చెప్పరు. "రక్తం లేక పోయాడు", "ముక్కులో రక్తం ఆగేది కాదు", "ఊరికే నీలం మచ్చలు వచ్చేవి" అంటారు. ఆ మాటలను అలాగే రాయండి. చిన్నప్పటి నుంచి ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండి, ఐటీపీ (రోగనిరోధక వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు) అని ఏళ్ల తరబడి మందులు వాడినవారు ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురు ఉంటే, ఆర్‌యూఎన్ఎక్స్1 వంటి జన్యువులో లోపం ఉందేమో డాక్టర్లు చూడాలి. చిన్నతనంలోనే బాలనెరుపు, ఊపిరితిత్తులు గట్టిపడటం, మద్యం తాగకపోయినా లివర్ చెడటం ఒకే ఇంట్లో కనిపిస్తే టెలోమియర్ల (క్రోమోజోముల చివరి కొనల) లోపాన్ని అనుమానిస్తారు. తగ్గని పులిపిర్లు, పదే పదే ఇన్ఫెక్షన్లు, కాలి వాపు కలిసి ఉంటే గాటా2 జన్యువు గుర్తుకొస్తుంది. ముసలితనంలో వచ్చింది కాబట్టి వంశపారంపర్యం కాదని తీసిపారేయకూడదు; డీడీఎక్స్41 జన్యులోపం వల్ల వచ్చే లుకేమియా సాధారణంగా అరవై దాటాకే బయటపడుతుంది. పుట్టుకతో వచ్చే ఇలాంటి జన్యులోపాల వల్ల కలిగే రక్త క్యాన్సర్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 వర్గీకరణలో ప్రత్యేక విభాగంగా చేర్చింది.

ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చినంత మాత్రాన కారణం జన్యువే కానక్కరలేదు. తండ్రీకొడుకులు ఒకే పొలంలో పురుగుమందులు కొట్టి ఉండవచ్చు, ఒకే ఫ్యాక్టరీలో బెంజీన్ ఆవిరి పీల్చి ఉండవచ్చు. అందుకే వృత్తి కూడా రాయండి.

ఈ కాగితాన్ని హెమటాలజిస్టుకు (రక్తవ్యాధుల డాక్టరుకు) చూపించి, జన్యు సలహా అవసరమా అని అడగండి. హైదరాబాదులో నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగం, సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం) ఇటువంటి పరీక్షలు, సలహాల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థలు. పరీక్షను వీలైతే జబ్బు వచ్చిన మనిషితోనే మొదలుపెట్టాలి. అయితే ఆయన రక్తంలో క్యాన్సర్ కణాల మార్పులు కలిసిపోయి ఉంటాయి కాబట్టి, పుట్టుకతో వచ్చిన మార్పేదో తేల్చడానికి చర్మం నుంచి చిన్న ముక్క తీసి కణాలు పెంచి చూస్తారు. జబ్బు లేని బంధువులకు ఏటా మజ్జ పరీక్షలు చేయించడం వల్ల ప్రయోజనం లేదు. జన్యులోపం రుజువైన వారికి మాత్రం ఎంత కాలానికి ఒకసారి రక్తకణాల లెక్క చూడాలో డాక్టరు చెబుతారు. తగ్గని జ్వరం, రాత్రిళ్లు బట్టలు తడిసే చెమట, మెడలోనో చంకలోనో గడ్డలు, కారణం లేని నీలం మచ్చలు కనిపిస్తే కుటుంబ చరిత్ర ఉన్నా లేకపోయినా వెంటనే వెళ్లాలి.

రోగికి మజ్జ మార్పిడి అవసరమైతే ఈ కాగితం విలువ ఇంకా పెరుగుతుంది. సొంత తోబుట్టువు కణజాలం పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి గనుక మొదట వారినే పిలుస్తారు. కానీ అదే జన్యులోపం ఆ తోబుట్టువులోనూ ఉంటే, దానం చేసిన మజ్జలోనే మళ్లీ లుకేమియా పుట్టే ప్రమాదం ఉంది. అందువల్ల దాతను ఖాయం చేయకముందే కుటుంబ వివరాలు ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరు చేతిలో ఉండాలి. కాగితం మీద తేదీ వేసి, ఒక నకలు మీ దగ్గర, ఒకటి తోబుట్టువుల దగ్గర ఉంచండి. ఇంట్లో కొత్తగా ఏ జబ్బు తేలినా రెండింటిలోనూ చేర్చండి.