ప్లగ్గులు కొత్తవే, మిస్సింగ్ పాతదే: పెట్రోల్, సీఎన్‌జీ ట్రాలీల్లో సమస్య - పరిష్కారం

సూపర్ క్యారీ అయినా, పెట్రోల్ లేదా సీఎన్‌జీ టాటా ఏస్ అయినా స్పార్క్ ప్లగ్గులు మార్చడం ఇంటి దగ్గర అయ్యే పనే. ఏస్‌లో రెండు సిలిండర్లు, సూపర్ క్యారీలో నాలుగు. సీటు ఎత్తితే ఇంజను కనిపిస్తుంది. ఇంజను చల్లారాక ఒక్కో ప్లగ్గే విప్పి బిగించుకుంటూ పోవాలని అందరికీ తెలుసు. తలనొప్పి వచ్చేది మార్చాకే: ఒక సిలిండర్లో ఇంధనం సరిగా అంటుకోక ఇంజను తడబడుతుంది, దాన్నే మిస్సింగ్ అంటారు. డీజిల్ బొలెరో వాళ్లకు దీంతో పని లేదు. ఆ ఇంజన్లో ఉండేది హీటర్ ప్లగ్, దాని సంగతి వేరు.

సమస్య: మార్చిన వెంటనే బండి వణుకుతోంది, లేదా స్టార్టే కావట్లేదు

నిన్నటిదాకా నడిచిన బండి ప్లగ్గులు మార్చగానే ఆగిందంటే తప్పు మీరు చెయ్యి పెట్టిన చోటే ఉంటుంది. ఈసీఎం (ఇంజన్ని నడిపే కంప్యూటర్) పోయిందని, పెట్రోల్ కల్తీ అని వెతకొద్దు. ముందు ఈ నాలుగూ చూడండి.

ప్లగ్ క్యాప్ (ప్లగ్ నెత్తికి తొడిగే రబ్బరు తొడుగు) అడుగుదాకా దిగిందా? నొక్కితే లోపల పట్టుకున్నట్టు చేతికి తెలియాలి. గాలి లోపల ఇరుక్కుంటే క్యాప్ దిగినట్టే ఉండి మెల్లగా పైకి లేస్తుంది.

కాయిల్ (ప్లగ్‌కి హై వోల్టేజీ ఇచ్చేది) కనెక్టర్ 'టక్'మందా? లాక్ విరిగిన కనెక్టర్ గుంతలో పడగానే ఊడుతుంది.

కేబుళ్లు ఉన్న బండి అయితే ఒకదానిది ఇంకోదానికి తగిలించారా? విప్పకముందే ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుంటే ఈ బెడద ఉండదు.

ప్లగ్ నెత్తిమీద మర ఉన్న చిన్న ముక్క వదులుగా ఉందా? కొత్త డబ్బాలోంచి తీసిన ప్లగ్‌కి కూడా అది వదులుగా ఉండొచ్చు. కటింగ్ ప్లేయర్‌తో బిగించాలి. దీన్ని దాదాపు ఎవరూ చూడరు.

సమస్య: స్లోలో బాగానే ఉంది, లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడుతోంది. పెట్రోల్ మీద ఫర్వాలేదు, సీఎన్‌జీ మీద మరీ ఎక్కువ

ఎక్కువ డబ్బు తగలేసేది ఇక్కడే. సీఎన్‌జీ మీదే మిస్సవుతోంది కాబట్టి కిట్‌దే తప్పని తేల్చేస్తారు. ట్యూనింగ్ చేయిస్తారు, ఫిల్టరు మారుస్తారు, ఆఖరికి గ్యాస్ ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్ కూడా మార్చేస్తారు. మిస్సింగ్ మాత్రం అలాగే ఉంటుంది.

చాలాసార్లు అసలు కారణం ప్లగ్ పైభాగంలోని తెల్లటి పింగాణీ మీద, క్యాప్ రబ్బరు లోపల పడిన సన్నటి నల్ల గీత. కరెంటు ప్లగ్ కొన దగ్గర గ్యాప్ దాటాల్సింది పోయి, పింగాణీ పైనుంచి కిందికి పాకి ప్లగ్ ఇనుప ఒంట్లోకి దిగిపోతుంది. అలా పాకిన ప్రతిసారీ దారి వెంట మసి కడుతుంది. మసిలో కరెంటు ఇంకా తేలిగ్గా పారుతుంది. అందుకే ఈ జబ్బు తనంతట తగ్గదు, రోజురోజుకీ ముదురుతుంది.

లోడు మీదే ఎందుకంటే, స్లోలో సిలిండర్ లోపల ఒత్తిడి తక్కువ కాబట్టి స్పార్క్ గ్యాప్‌ని తేలిగ్గా దాటేస్తుంది. లోడుతో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ నిండా తొక్కితే ఒత్తిడి పెరిగి, అదే గ్యాప్ దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. సీఎన్‌జీకి పెట్రోల్ కన్నా ఇంకా ఎక్కువ కావాలి. గ్యాప్ దాటడం కష్టమైనకొద్దీ కరెంటు బయటి దారి పట్టుకుంటుంది. షెడ్డులో బండి నిలబెట్టి రేస్ ఇచ్చి 'బాగానే ఉందండీ' అనే మెకానిక్కుకి ఇది దొరకదు. లోడు వేసి, మూడో గేర్లో తక్కువ స్పీడు నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూస్తేనే బయటపడుతుంది.

గీత పడటానికి దారులు మూడు. మొదటిది, ప్లగ్ పానాను వంకరగా పట్టుకుని తిప్పడం. సీటు కింద చోటు చాలక జాయింట్ వేసి పక్కనుంచి తిప్పితే పింగాణీకి వెంట్రుకంత పగులు వస్తుంది, కంటికి కనిపించదు. పానా లోపల రబ్బరో అయస్కాంతమో ఉండాలి, ఎక్స్‌టెన్షన్ నిటారుగా ఉండాలి. కిందపడిన ప్లగ్ ఎంత కొత్తదైనా పక్కన పెట్టేయండి. రెండోది, పాత క్యాప్. ఇంజను వేడికి రబ్బరు గట్టిపడి చీలుతుంది. వేడిగా ఉన్నప్పుడు గుంజితే చిరుగుతుంది. చల్లారాక కొంచెం అటూ ఇటూ తిప్పి, రబ్బరు పట్టుకుని లాగాలి. వైరు పట్టుకుని కాదు. మూడోది, తడీ నూనే. జిడ్డు చేతులతో పింగాణీ పట్టుకున్నా చాలు.

కనిపెట్టడం ఇలా. ప్లగ్ విప్పి పగటి వెలుతురులో పింగాణీని చుట్టూ తిప్పి చూడండి. పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు నిలువు గీత ఉండి, గుడ్డతో తుడిస్తే పోకపోతే అదే. ఇనుము మొదలయ్యే చోట చుట్టూ ఉండే లేత గోధుమరంగు మరకతో దీన్ని కలపొద్దు. ఆ మరక గాలిలోని నూనె తుంపర్లు హై వోల్టేజీకి అంటుకోవడం వల్ల వచ్చేది, దానివల్ల నష్టం లేదు. దాన్ని చూపించి 'ప్లగ్ గ్యాస్ లీకవుతోంది' అని మార్పించేవాళ్లూ ఉన్నారు. తర్వాత క్యాప్ లోపలికి టార్చి కొట్టండి. తెల్లటి పొడి, బూడిదరంగు గీత, పిన్నుతో పొడిచినంత రంధ్రం కనిపిస్తే క్యాప్ పోయినట్టే.

క్యాప్‌లు పైకి కనిపించే బండి అయితే రాత్రి చీకట్లో లైట్లార్పి ఇంజను నడపండి, స్ప్రే బాటిల్‌తో క్యాప్‌ల మీద మాత్రం సన్నగా నీటి తుంపర కొట్టండి. నీలం మెరుపో, చిటపటలో వస్తే దొరికినట్టే. ఆ సమయంలో చెయ్యి దూరంగా ఉంచండి. అందులో ఉండేది వేల వోల్టులు.

మార్చేటప్పుడు ప్లగ్గూ క్యాపూ రెండూ ఒకేసారి మార్చాలి. కొత్త ప్లగ్ వేసి పాత క్యాప్ ఉంచితే, క్యాప్‌లోని గీత కొత్త పింగాణీ మీద అచ్చంగా అదే చోట మళ్లీ గీత పెడుతుంది. 'ప్లగ్గులు మార్చినా నాలుగు రోజులకే మళ్లీ మొదలైంది' అనేవాళ్ల కథ ఇదే. కాయిల్ మంచిదైతే దాన్ని మార్చక్కర్లేదు. చాలా బళ్లకు రబ్బరు క్యాపూ లోపలి స్ప్రింగూ విడిగా దొరుకుతాయి, షాపులో అడగండి. క్యాప్ అంచు లోపల వడ్లగింజంత సిలికాన్ గ్రీజు రాయండి. చాసిస్‌కి కొట్టే మామూలు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది.

స్కానర్‌లో పీ0302 వంటి కోడ్ వస్తే రెండో సిలిండర్ మిస్సవుతోందని అర్థం. అప్పుడు నాలుగు సిలిండర్ల బండిలో రెండో దాని కాయిల్ మూడో దానికి వేసి చూడమంటారు. మంచి పద్ధతే, కానీ ముందు క్యాప్ లోపల చూడండి. గీత పడిన క్యాప్‌ని తీసుకెళ్లి మంచి ప్లగ్ మీద పెడితే అదీ పాడవుతుంది. క్యాప్ శుభ్రంగా ఉంటేనే మార్చి చూడాలి, అదీ ఒకసారికి ఒక్క వస్తువే. కోడ్ మూడుకి వెళ్తే కాయిల్, రెండులోనే ఉంటే ప్లగ్. ప్లగ్ కూడా మార్చి చూసినా అక్కడే ఉంటే ఇంజెక్టరో కంప్రెషనో.

చెక్ ఇంజన్ లైటు మినుకుమినుకుమంటుంటే మాత్రం లోడు దింపేయండి. కాలని ఇంధనం సైలెన్సర్ వైపు వెళ్లి, దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది. ప్లగ్గుల సెట్టుకి ఎన్నో రెట్లు ఖర్చు అది.

సమస్య: అదే లోడు మిస్సింగ్, కానీ ఎక్కడా గీత లేదు

గ్యాప్ చూడండి. డబ్బాలోంచి తీసి అలాగే బిగించేస్తారు. మాన్యువల్లో ఎంత రాస్తే అంత ఉండాలి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచటి రేకులు) చూడాలి. 0.8 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట 1.1 ఉంటే సీఎన్‌జీ మీద కచ్చితంగా ఏడిపిస్తుంది. వంచాల్సింది పక్క కొమ్మునే, మధ్య కొనను ముట్టుకోవద్దు. ఇరిడియం ప్లగ్‌లో ఆ కొన మరీ సన్నం, గేజ్ నొక్కి తోస్తే విరుగుతుంది. ప్లగ్ నంబరు కూడా మాన్యువల్లోదే కావాలి. 'దీనికీ పడుతుందన్నా' అని కౌంటర్లో ఇచ్చేది మరకు పడుతుంది, వేడికి పడదు.

సమస్య: వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడు మిస్సింగ్

ప్లగ్ గుంటలో నీళ్లు. క్యాప్ తీసి, పంక్చర్ షాపు దగ్గర గాలి కొట్టించి ఆరబెట్టండి. నీళ్లు కాక నూనె ఉంటే వాల్వ్ కవర్ ప్యాకింగ్, గుంట చుట్టూ ఉండే సీలు మార్చాలి. ఉత్తినే తుడిస్తే నెలలో మళ్లీ నిండి క్యాప్ రబ్బరుని తినేస్తుంది. నీళ్లు లేకపోయినా ప్లగ్ విప్పేముందు గుంటలో గాలి కొట్టాల్సిందే. ఇసుక రేణువు సిలిండర్లో పడితే మళ్లీ తీయడం కష్టం.

సమస్య: రేస్ ఇస్తే 'టిక్ టిక్' శబ్దం, ప్లగ్ చుట్టూ నల్లటి జిడ్డు

ప్లగ్ వదులు, కంప్రెషన్ లీకవుతోంది. వెంటనే బిగించండి. అలాగే నడిపితే మర చెడి ప్లగ్ ఎగిరిపోతుంది.

14 మిల్లీమీటర్ల మర, వాషరు ఉన్న ప్లగ్‌కి అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20. టార్క్ రెంచ్ లేకపోతే 14 మిల్లీమీటర్లదాన్ని చేత్తో ఆనేదాకా తిప్పి, ఆపైన పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు. ఇది కొత్త వాషరుకే. పాత ప్లగ్ మళ్లీ వేస్తుంటే వాషరు ముందే నలిగి ఉంటుంది, చుట్టులో పన్నెండో వంతు చాలు. మరకు గ్రీజు రాయొద్దు. తళతళలాడే పూత ఉన్న మరకు అక్కర్లేదు, రాస్తే అదే టార్క్‌కి అతిగా బిగుస్తుంది.

మొదటి చుట్లు పానాతో అసలు వద్దు. జానెడు పెట్రోల్ పైపు ముక్కను ప్లగ్ నెత్తికి తొడిగి చేత్తో తిప్పండి. మర అడ్డంగా ఎక్కితే పైపు జారుతుంది, అక్కడే ఆగి వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టొచ్చు. పానాకి ఆ సంగతి తెలియదు, మరను కోసుకుంటూ పోతుంది.

సమస్య: పాత ప్లగ్ ఊడట్లేదు

బలం పెట్టొద్దు. పావు చుట్టు విప్పి, తుప్పు వదిలించే నూనె కాస్త పోసి గంట ఆగి, వెనక్కీ ముందుకీ కొంచెం కొంచెంగా తిప్పండి. ఇంజను వేడిగా ఉండగా మాత్రం విప్పొద్దు, ప్లగ్‌తో పాటు అల్యూమినియం మర వచ్చేస్తుంది. మర పోయిందా, ఇక ఇంట్లో పని కాదు. లేత్ పని చేసేవాళ్ల దగ్గర ఇన్సర్ట్ (కొత్త మర ఉన్న తొడుగు) వేయించుకోవాలి.

విప్పిన పాత ప్లగ్ కొన కూడా చూడండి: మసి ఉంటే ఇంధనం ఎక్కువవుతోంది, తడి నూనె ఉంటే రింగులో వాల్వ్ సీళ్లో, తెల్లగా పొక్కులు లేస్తే ఇంజను అతిగా వేడెక్కుతోంది. ఈసీఎం, వైరింగ్, క్రాంక్ సెన్సర్ ఈ లక్షణాలకు కారణం కావడం అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.